లంబసింగి ఘాటు రోడ్డు – ఎవరి చెమట?

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసేటంత పాండిత్యం నాకు లేదు. సర్వీసంతా మస్టరు రోళ్ళు, వోచర్లు సరిచూసిన గుమాస్తాను. అందుచేత నేను కాళ్ళతో చదివిన ఒక రోడ్డు చరిత్ర వ్రాస్తున్నాను. అది నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే లంబసింగి ఘాటు రోడ్డు.

పదవీ విరమణ తరువాత నేను ఉంటున్నది హైదరాబాదు ఖాజాగూడలో, మా అబ్బాయి దగ్గర. ఇక్కడి గుట్టల పక్కగా తెల్లవారుజామున కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు గేర్ల సైకిళ్ళ మీద నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తుంటారు. అక్కడ అవుటర్ రింగు రోడ్డు వెంట, పైన సౌర పలకల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023లో ప్రారంభించారు. మా అపార్టుమెంటు కుర్రవాడొకడు "తాతగారూ, ఈ శీతాకాలం ఒక్కడినే సైకిలు మీద లంబసింగి ఎక్కుతాను, మంచు చూడాలి" అన్నాడు. మంచుతో పాటు ఆ రోడ్డును కూడా చూసి రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. అతనికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

1974 సంక్రాంతి సెలవులు. నర్సీపట్నంలో ఉద్యోగం, వయసు 23. ఆఫీసులో సైకిలు అడ్వాన్సు పెట్టుకుని కొన్న హెర్క్యులిస్ బండి నా ఆస్తి. నర్సీపట్నం సముద్ర మట్టానికి వంద మీటర్ల లోపే. లంబసింగి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. మధ్య దూరం 30 కిలోమీటర్ల చిల్లర. మొదట్లో దారి చదునుగానే ఉంటుంది. కొండ మొదలైన తరువాత మాత్రం ప్రతి మలుపు దగ్గరా ఇదే ఆఖరిదనిపిస్తుంది, దాని వెనుక ఇంకొకటి కనిపిస్తుంది. గేర్లు లేని బండి. నిలబడి తొక్కితే గుండె ఆగేటట్లుంటుంది, కూర్చుని తొక్కితే చక్రం ఆగుతుంది. నిటారుగా ఉన్నచోట్ల దిగి నెట్టుకుంటూ నడిచాను. ఉదయం 5 గంటలకు బయలుదేరి పైకి చేరేసరికి 11 అయింది.

దిగి నెట్టటం నామోషీ కాదు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి సైకిలు మీద భూమి చుట్టి వచ్చిన మొదటివాడు థామస్ స్టీవెన్స్. ఆ పెద్ద చక్రం బండిని ఆయన కూడా సియెర్రా నెవాడా కొండల్లో చాలా దూరం నెట్టుకుంటూనే నడిచాడు. ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెంలో 1910లో మొదటిసారి పిరనీస్ మహా కనుమలు పెట్టినపుడు, ఆ ఏడు గెలిచిన ఒక్టావ్ లపీజ్ కూడా కొంత దూరం దిగి నడిచినవాడే. ఆ పందెంలో గొలుసు మార్చే గేర్లను 1937 దాకా అనుమతించలేదు.

నెట్టుకుంటూ నడిచేటప్పుడే రోడ్డు కనిపిస్తుంది. బస్సులో పోయేవాడికి కనిపించదు. కొండను చెక్కిన వైపు, రాళ్ళు పేర్చిన వైపు, నీరు పోవటానికి వదిలిన తూము ఒక్కొక్కటే కంటపడతాయి. ఇదంతా ఎవరు చేశారన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

చేసినవారు ఆ కొండల గిరిజనులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో వారి పోడు వ్యవసాయానికి ఆంక్షలు వచ్చాయి, అడవి మీద హక్కు పోయింది. 1920 ప్రాంతాల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్. నర్సీపట్నం, లంబసింగి రోడ్డు పనికి కొండవారిని దింపారు. రోజుకు ఆరణాల కూలి అని చెప్పి, అణానో రెండణాలో చేతిలో పెట్టేవారు. ఎదురు తిరిగితే కొరడా దెబ్బలు.

నా వంటి గుమాస్తాకు ఇక్కడ లెక్క కట్టాలనిపిస్తుంది. ఆరణాల్లో రెండణాలు ఇస్తే నాలుగణాలు మిగులు. రూపాయికి పదహారణాలు. నూరుమంది పనిచేశారనుకుంటే రోజుకు 25 రూపాయలు ఎవరి జేబులోకో పోయినట్లే. మస్టరు రోలు మీద వేలిముద్రలు సరిగానే ఉండవచ్చు. కాగితం మీద పూర్తి కూలి, చేతిలో మూడో వంతు.

అల్లూరి సీతారామరాజు బాస్టియన్ మీద పై అధికారులకు ఫిర్యాదు చేశారు. న్యాయం జరగలేదు. మునసబు పని పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర వంటివారు రాజుతో చేరారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి 26 తుపాకులు తీసుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మాటు వేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కాల్చివేశారు. మలుపు మలుపూ తెలిసినవారికి కొండదారే కోట అయింది. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అండమాను జైలు చూసి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

విప్లవానికి కారణాలు అనేకం. అయితే పుస్తకాల్లో పెద్ద పెద్ద కారణాల మధ్య ఈ ఎగ్గొట్టిన నాలుగణాలు ఒక్క వాక్యంతో సరిపోతాయి. కొండ ఎక్కిన కాళ్ళకు మాత్రం అది చిన్న విషయం అనిపించదు. ఖాళీ సైకిలు నెట్టటానికే నాకు అంత ఆయాసం వచ్చిందే, రాయి మోసి, కొండ తవ్వి, సాయంత్రానికి రెండణాలు పుచ్చుకున్నవాడి సంగతి ఏమిటి?

ఆ రాత్రి లంబసింగిలో చలికి నిద్ర పట్టలేదు. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట ఉన్నవాడు కొర్రులా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. మర్నాడు దిగటం ఎక్కటం కన్నా భయం. బ్రేకు రబ్బర్లు అరిగిపోకుండా, సైకిలు షాపతను చెప్పినట్లు, క్యారియరుకు చెట్టుకొమ్మ ఒకటి తాడుతో కట్టి ఈడ్చుకుంటూ దిగాను.

ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022లో ఏర్పడింది. శీతాకాలం వస్తే మన పిల్లలు, మనవలు మంచు చూడటానికి కార్లలో వెళ్తున్నారు. సంతోషమే. ఒక గంట తీసుకుని కృష్ణదేవిపేట సమాధి కూడా చూసి రమ్మని చెప్పండి. ఘాటులో ఒక్క మలుపు దగ్గరైనా బండి దిగి నడవమనండి. జీతమైనా, కూలైనా, పెన్షనైనా చేసిన పనికి రావలసిన పైకం అందకపోతే ఏమవుతుందో మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోడ్డు వేసినవారి బకాయి మాత్రం ఎవరూ తీర్చలేదు. వారి పేర్లు చెప్పుకోవటానికి మన దగ్గర లేవు. వారు వేసిన రోడ్డు ఉంది.