ఖాళీ పెట్టె బరువు

సూట్‌కేస్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఒక జోక్‌తో మొదలుపెడతారు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో, సూట్‌కేస్‌కి చక్రాలు పెట్టాలని తోచింది మాత్రం 1970లో అని. చక్రం వేల ఏళ్లుగా ఉంది, పెట్టె కూడా వేల ఏళ్లుగా ఉంది, రెండిటినీ కలపడానికి రాకెట్ కంటే ఎక్కువ టైం పట్టిందా అని అందరం నవ్వుకుంటాం. నాకు ఈ జోక్‌తో ఒక పేచీ ఉంది. పెట్టెకి చక్రాలు లేని మాట నిజమే గానీ, కాళ్లు ఉండేవి. అవి కూలీ కాళ్లు. ఏ కాలంలో చూసినా పెట్టె ఎంత బరువుండొచ్చు అన్నది, దాన్ని ఎవరు ఎత్తుతారు అన్నదాన్ని బట్టే తేలింది. షాపుకెళ్లి "కొంచెం లైట్‌వెయిట్‌వి చూపించండి" అని మనం అడగడం మొదలైంది, ఎత్తే వంతు మనకొచ్చాకే.

పందొమ్మిదో శతాబ్దపు ట్రంకుల్ని చూడండి. గుర్రబ్బళ్ల కాలంలో పెట్టె మూత ఉబ్బెత్తుగా ఉండేది, బండి పైన కట్టినప్పుడు వాన నీళ్లు జారిపోవాలి కాబట్టి. రైళ్లూ ఆవిరి ఓడలూ వచ్చాక పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాల్సొచ్చింది. 1858లో పారిస్‌లో లూయీ విటాన్ బల్లపరుపు మూతతో, పైన గుడ్డ అతికించిన ట్రంకు తయారుచేశాడు. ఈరోజు ఆ పేరుని హ్యాండ్‌బ్యాగుల మీద చూసి ముచ్చటపడేవాళ్లకి తట్టదు గానీ, ఆయన అసలు పరిష్కరించింది లోడింగ్ సమస్యని. బరువు సమస్య కాదు. ఆ ట్రంకులు కొనగలిగినవాళ్లు వాటిని స్వయంగా ఎత్తే రకం కాదు. మన భోషాణాలూ, తెలంగాణ ఇళ్లలోని సందుగలూ ఇంకో దారి. అవసలు గది దాటడానికి చేసినవే కావు.

సూట్‌కేస్ అంటే మాటలోనే ఉంది, ఒక సూటు మడతలు పడకుండా పట్టే పెట్టె. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఒకటి రెండు రోజుల ప్రయాణాలు మామూలయ్యాక పుట్టింది. చేత్తో పట్టుకెళ్లేది. అయినా కంపెనీలు చాలాకాలం దాన్ని తేలికదని చెప్పి అమ్మలేదు, గట్టిదని చెప్పి అమ్మాయి. 1910లో అమెరికాలోని డెన్వర్‌లో జెస్సీ ష్వేడర్ ట్రంకుల కంపెనీ పెట్టాడు. బైబిల్లోని బలశాలి సామ్సన్ పేరు తన పెట్టెలకి పెట్టుకున్నాడు. ఆ పేరే తర్వాత శాంసొనైట్ అయింది. పెట్టె మీద ఒక పలక వేసి, దాని మీద ఆ ఇంటి మగవాళ్లంతా వరసగా నిలబడి తీయించుకున్న ఫోటో వాళ్ల ప్రకటనల్లో ఫేమస్. 1970ల్లో అమెరికన్ టూరిస్టర్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, సూట్‌కేస్‌ని గొరిల్లా బోనులో పడేసి, అది దాన్ని విసిరికొట్టడం టీవీలో చూపించారు. గట్టిదనం అంటే అప్పటికి అర్థం అదే, లొంగకపోవడం. ఈ మాటకి మళ్లీ వస్తాను, ఎందుకంటే తర్వాత ఆ అర్థం తలకిందులైంది.

దాన్ని తలకిందులు చేసింది విమానం. ఓడకి, రైలుకి లేని పట్టింపు విమానానికి ఉంది, తూకం. తొలి రోజుల్లో సామానుతో పాటు ప్రయాణికుల్ని కూడా కాటా ఎక్కించేవాళ్లు. పెట్టెలు చేసేవాళ్లు కూడా విమానం వైపే చూశారు. జర్మనీలో కొలోన్‌కి చెందిన రిమోవా 1937లో అల్యూమినియం ట్రంకు చేసింది. 1950లో దాని రేకు మీద బారుగా గాళ్లు తీసింది. ఆ పోలిక యుంకర్స్ విమానాల రేకు నుంచి వచ్చింది. అది అలంకారం కాదు. పల్చటి రేకుని ముడతలు పెడితే వంగదు, మందం పెంచకుండానే గట్టిపడుతుంది. మన ఇంటి పైకప్పు రేకుదీ ఇదే సూత్రం. అమెరికాలో అదే దశాబ్దంలో శాంసొనైట్ లోపలి చెక్క డబ్బాని తీసేసి, మెగ్నీషియం చట్రానికి ప్లాస్టిక్ తొడిగింది. పెట్టె సన్నబడటం మొదలైంది.

ఇక చక్రాల కథ. బెర్నార్డ్ సాడో మసాచుసెట్స్‌లో ఒక లగేజ్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. 1970లో కుటుంబంతో అరూబా వెళ్లి తిరిగొస్తూ రెండు పెద్ద సూట్‌కేసులు మోసుకుంటూ ఎయిర్‌పోర్టులో నడుస్తున్నాడు. పక్కనే ఒక పనివాడు బరువైన మిషన్ని చక్రాల బల్ల మీద అవలీలగా తోసుకుపోతున్నాడు. సాడో ఫ్యాక్టరీకి వెళ్లి, బట్టల ట్రంకుకి వేసే చిన్న చక్రాలు నాలుగు ఒక సూట్‌కేస్‌కి బిగించి, ముందు ఒక పట్టీ కట్టి లాగి చూశాడు. 1972లో పేటెంట్ వచ్చింది. ఆ పేటెంటు కాగితంలో నాకు నచ్చింది చక్రాల బొమ్మ కాదు, ముందు చెప్పుకున్న కారణం. ఒకప్పుడు సామాను పోర్టర్లు చూసుకునేవాళ్లనీ, వీధి పక్కనే దింపుకునే వీలుండేదనీ, ఇప్పటి పెద్ద పెద్ద టెర్మినళ్లలో, ముఖ్యంగా విమానాశ్రయాల్లో, సామాను మొయ్యడమే కష్టంగా మారిందనీ అందులో రాశాడు. అంటే చక్రం కనిపెట్టినవాడికి తెలుసు, తను పూరిస్తున్న ఖాళీ ఎవరిదో.

తెలిసినా షాపులవాళ్లు కొనలేదు. న్యూయార్క్‌లో వారాలపాటు దుకాణం దుకాణం తిరిగాక మేసీస్ ఒప్పుకుంది. మగవాళ్లు పెట్టెని కుక్కపిల్లలా లాక్కుంటూ పోతారా అన్నది అప్పటి సందేహం. స్వీడిష్ రచయిత్రి కేట్రిన్ మార్సల్ 'మదర్ ఆఫ్ ఇన్వెన్షన్' అనే పుస్తకంలో ఈ సంగతే పట్టుకుంది. సాడో కంటే ఎన్నో ఏళ్ల ముందే సూట్‌కేస్‌కి తగిలించే చక్రాల పరికరాలు ఉండేవనీ, అవి ఆడవాళ్ల వస్తువులుగా చెలామణీ కావడంతో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదనీ ఆమె వాదన. ఒప్పుకుంటాను. కాకపోతే మన దేశం నుంచి చూస్తే ఆ మగతనం వెనక ఇంకో మనిషి కూడా కనబడతాడు. బరువు మోసి చూపించే మగవాడు ఒకడైతే, బరువు మోయించుకునే మగవాడు ఇంకొకడు. ఇక్కడ రెండోవాడే ఎక్కువ.

సాడో పెట్టె నాలుగు చక్రాల మీద పడుకుని వచ్చేది, మలుపులో పల్టీ కొట్టేది. ఇవాళ మనకి తెలిసిన రూపం 1987లో వచ్చింది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో 747 నడిపే పైలట్ రాబర్ట్ ప్లాత్ పెట్టెని నిలబెట్టి, రెండే చక్రాలు పెట్టి, పైకి లాగే హ్యాండిల్ అమర్చాడు. మొదట తోటి పైలట్లకీ ఎయిర్‌హోస్టెస్‌లకీ అమ్మాడు. యూనిఫారం వేసుకున్నవాళ్లు దర్జాగా లాక్కుపోతుంటే చూసి ప్రయాణికులు కావాలన్నారు. సిగ్గు అలా పోయింది.

మన దగ్గర అంత త్వరగా పోలేదు. 1970ల నుంచి వి.ఐ.పి. వాళ్ల అచ్చుపోసిన ప్లాస్టిక్ సూట్‌కేస్ మధ్యతరగతి ఇంట్లోకి వచ్చి, పెళ్లికూతురి సామానులో ట్రంకు పెట్టె చోటు ఆక్రమించింది. కానీ స్టేషన్లో దిగితే ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల ఉన్న మనిషి తలమీద తువ్వాలు చుట్ట పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. 1991లో వెంకటేష్ 'కూలీ నెం. 1' అనిపించుకున్నప్పుడు ఆ పనికి ఒక హీరో వెలుగు ఉంది. 2008 రైల్వే బడ్జెట్‌లో లైసెన్సు ఉన్న కూలీలని గ్యాంగ్‌మెన్‌గా తీసుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. 2016 బడ్జెట్‌లో వాళ్ల పేరే 'సహాయక్' అని మార్చారు. పేరైతే బాగుంది. అప్పటికి ప్లాట్‌ఫారం మీద వినబడేది చక్రాల చప్పుడు.

ఇక మన విమాన ప్రయాణాల సంగతి. 1960ల చివర్లో, 70ల్లో అమెరికా వెళ్లిన డాక్టర్లూ ఇంజనీర్లూ చెప్పుకునే మాట ఒకటుంది, జేబులో ఎనిమిది డాలర్లతో వెళ్లామని. విదేశీ మారకం మీద ఆంక్షలు అలాంటివి. డబ్బు తీసుకెళ్లనివ్వనప్పుడు మనిషి ఆస్తంతా పెట్టెలోనే ఉంటుంది. ఇప్పుడు డబ్బుకి ఆ బాధ లేదు గానీ, తూకం అలాగే ఉంది. అమెరికా దారిలో ఎకానమీ వాళ్లకి చాలాకాలం 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు నడిచాయి, తర్వాత ఒక్కోటి 23 కిలోలకి దిగింది. ఇక్కడే ఖాళీ పెట్టె బరువు లెక్కలోకొస్తుంది. పెట్టెది ఐదు కిలోలైతే మీకు మిగిలేది పద్దెనిమిది. రెండు పెట్టెలకీ కలిపి పది కిలోల ప్లాస్టిక్‌నీ చక్రాలనీ సముద్రం దాటిస్తున్నారు. అవే మూడు కిలోలవి అయితే నాలుగు కిలోలు మిగులుతాయి. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి, బియ్యప్పిండి కిలో చొప్పున అనుకోండి. దేశం లోపలి విమానాల్లో మామూలుగా ఇచ్చే 15 కిలోల్లో అయితే ఐదు కిలోల పెట్టె మూడో వంతు తినేస్తుంది. ఆగస్టులో శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ల ముందు నేల మీద పెట్టెలు తెరిచి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ప్యాకెట్లు మార్చే తల్లులకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ లెక్కని అందరికంటే ముందు తేల్చుకున్నవాళ్లు గల్ఫ్ వలస కూలీలు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి దుబాయ్, కువైట్ వెళ్లొచ్చేవాళ్ల అట్టపెట్టెని చూసే ఉంటారు. నైలాన్ తాడుతో బిగించి, మార్కర్‌తో పేరూ ఊరూ రాసి ఉంటుంది. మనం దాన్ని చూసి అయ్యోపాపం అనుకుంటాం గానీ, కిలోకి అటూ ఇటూ తూగే పెట్టెలో మిగతా అనుమతి అంతా సరుకే. తూకం ప్రకారం దాన్ని మించిన లైట్‌వెయిట్ లగేజ్ లేదు. కాకపోతే పెట్టె ఇప్పుడు మనుషులతో పాటు బెల్టులకి కూడా నచ్చాలి. 2017లో దుబాయ్ విమానాశ్రయం గుండ్రటి మూటల్ని, కనీసం ఒక పక్కనైనా బల్లపరుపుగా లేని సామాన్ని తీసుకోబోమని చెప్పింది. అవి కన్వేయర్ల మీద ఇరుక్కుంటున్నాయట. విటాన్ బల్లపరుపు మూతకి నూట అరవై ఏళ్ల తర్వాత అదే షరతు, ఈసారి యంత్రం పెట్టింది.

మరి యంత్రమే అంతా చేస్తోందా అంటే లేదు. బెల్టు చివర మనిషి ఉన్నాడు. 737 లాంటి చిన్న విమానాల కడుపులో సామాను గదిలో మనిషి నిటారుగా నిలబడలేడు. లోడర్లు వంగి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పెట్టెనీ చేత్తో పేరుస్తారు. డబ్బు కట్టినా సరే ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదని చాలాచోట్ల ఉన్న నియమం ఈ నడుముల కోసమే. హ్యాండిల్‌కి తగిలించే "హెవీ" ట్యాగు కూడా వాళ్లకోసమే, మనల్ని సిగ్గుపెట్టడానికి కాదు. ఎయిర్‌పోర్టులో కూలీ లేడనుకుంటాం. ఉన్నాడు, మనకి కనబడని చోట.

గట్టిదనం అర్థం తలకిందులైందని అన్నాను కదా. ఆ మోకాళ్ల మీది మనిషి హడావుడిగా విసిరే పెట్టెకి కావాల్సింది లొంగకపోవడం కాదు, లొంగి మళ్లీ లేవడం. అల్యూమినియం సొట్టపడుతుంది, సొట్ట అలాగే ఉండిపోతుంది. చవక ఏబీఎస్ ప్లాస్టిక్ బిర్రుగా ఉండి, మూలల్లో పగులుతుంది. రిమోవా 2000లో తెచ్చిన పాలికార్బనేట్ లోపలికి నొక్కుకుని మళ్లీ పైకొస్తుంది. బరువు కూడా తక్కువే. ఘన సెంటీమీటరుకి అల్యూమినియం 2.7 గ్రాములైతే, పాలికార్బనేట్ 1.2. అంతకంటే తేలిక పాలీప్రొపిలీన్, 0.9. శాంసొనైట్ 2008లో కాస్మోలైట్ పేరుతో తెచ్చిన పెట్టెలు దీనితోనే చేసినవి. పెద్ద సైజు కూడా మూడు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. రహస్యం పదార్థంలో లేదు, నేతలో ఉంది. పాలీప్రొపిలీన్‌ని పట్టీలుగా సాగదీసి, బట్టలా నేసి, పొరలు పొరలుగా వేడితో అదుముతారు. పట్టీల పైభాగం మాత్రం కరిగి అతుక్కుంటుంది, లోపలి బలం పోదు. పాలీప్రొపిలీన్‌ని పట్టీలుగా సాగదీసి నేసేది ఇంకోటి కూడా ఉంది, మన బియ్యం బస్తా. లైట్‌వెయిట్ లగేజ్‌లో ఖరీదైన రకం, వరసకి ఆ బస్తాకి తమ్ముడు.

కొనబోతుంటే మాత్రం పెట్టె ఒంటిని చూసి మోసపోకండి. షాపతను ఇప్పటికీ ష్వేడర్ ఇంటివాళ్లలా దాని మీద చెయ్యేసి గట్టిగా బాది చూపిస్తాడు. పెట్టె చచ్చేది అక్కడ కాదు, చక్రం ఒంటికి కలిసే చోట, లాగే గొట్టం ఊగే చోట, జిప్పు మలుపు తిరిగే మూలలో. బయటికి పొడుచుకొచ్చిన నాలుగు చక్రాలు ఎయిర్‌పోర్టు నున్నటి నేలకి చేసినవి. అమీర్‌పేట హాస్టల్ ముందు గతుకులకైతే లోపలికి ఒదిగిన రెండు పెద్ద చక్రాలే మేలు. పొడవు, వెడల్పు, లోతు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు, ఆ కొలతలో చక్రాలు కూడా లెక్కే. అరచేత్తో పక్కని నొక్కి చూడండి, లోపలికి పోయి వెంటనే తిరిగిరావాలి. చివర్లో లోపలి కాగితాలు తీసేసి, వట్టి పెట్టెని తూచమనండి. చాలా షాపుల్లో కాటా ఉండదు. చేతికి వేలాడే చిన్న లగేజ్ కాటా ఒకటి ముందే కొనుక్కుని వెళ్లండి, ఎలాగూ ప్రయాణం రోజు కావాలి.