పట్టం కట్టడమా, కిరీటం పెట్టడమా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు మన పేపర్లలో తప్పకుండా కనిపించే మాట ఒకటుంది: ఫలానా పార్టీకి జనం "పట్టం కట్టారు". కిరీటం పెట్టారు అని రాయరు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ. కలశాలతో నీళ్లు పోస్తే అభిషేకం, నుదుట పట్టీ కడితే పట్టం. రెండూ కలిస్తే పట్టాభిషేకం. రాజుగారికి ఎంతమంది రాణులున్నా, ఆ పట్టానికి నోచుకున్నావిడే పట్టపురాణి.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికోసం ఏకంగా ఒక అధ్యాయమే రాశాడు. మన భాషలో చెప్పాలంటే పక్కా స్పెసిఫికేషన్ డాక్యుమెంటు. రాజు పట్టం మధ్యలో 8 అంగుళాల వెడల్పుండాలి (అంగుళం అంటే ఇక్కడ ఇంచి కాదు, వేలి వెడల్పు). రాణిది 7, యువరాజుది 6, సేనాపతిది 4. రాజు పట్టానికి 5 శిఖలు, రాణికీ యువరాజుకీ మూడేసి, సేనాపతికి ఒక్కటే. ఇవి కాక ప్రసాదపట్టం అని ఇంకోటుంది: 2 అంగుళాలు, శిఖ ఉండదు, రాజు మెచ్చి ఇచ్చేది. అన్నీ మేలిమి బంగారంతోనే చెయ్యాలి. మన ఆఫీసుల్లో గ్రేడుని బ్యాండ్ అంటాం కదా, వాళ్లది నిజంగా తలకి కట్టిన బ్యాండే! ప్రసాదపట్టం స్పాట్ అవార్డన్నమాట.

ఇదేదో మన ఒక్కళ్లకే ఉన్న ఆచారం కాదు. గ్రీకుల 'డయాడెమా' అన్న మాటకి కూడా చుట్టూ కట్టేది అనే అర్థం. క్రీ.పూ. 330లో పర్షియా రాజు డరయస్ చనిపోయాక, అలెగ్జాండర్ ఈ పట్టీ తనంతట తనే కట్టుకున్నాడు. ఆ పర్షియన్ వేషం చూసి సొంత మాసిడోనియా సైనికులే సణుక్కున్నారు. ఆయన పోయాక సేనానులు రాజ్యాన్ని పంచుకున్నారు గానీ, చాలా ఏళ్లపాటు పట్టీ జోలికి పోలేదు. క్రీ.పూ. 306లో సైప్రస్ దగ్గర సముద్రయుద్ధంలో కొడుకు డెమెట్రియస్ గెలిచిన వార్త రాగానే ఆంటిగొనస్‌కి మిత్రులు పట్టీ కట్టారు. ఆయన ఇంకోటి కొడుక్కి పంపించాడు. అది చూసి మిగతా సేనానులు కూడా వరసగా రాజులైపోయారు. పంజాబు దాకా ఏలిన మినాండర్ నాణేల మీద చూడండి, తల వెనక ముడేసిన పట్టీ కొసలు వేలాడుతూ కనిపిస్తాయి.

రోములో మాత్రం ఆ గుడ్డపీలికంటే జనానికి ఒళ్లుమంట. క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో ఆంటొనీ దాన్ని సీజర్ తలకి పెట్టబోతే సీజర్ వద్దన్నాడు, జనం చప్పట్లు కొట్టారు. అయినా అనుమానం పోలేదు. నెల తిరక్కుండానే సీజర్‌ని చంపేశారు. తర్వాత నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ నాటికి అదే పట్టీ ముత్యాలు, రత్నాలు పొదిగించుకుంది. 1804కి వచ్చేసరికి నెపోలియన్ పోపు పక్కనుండగానే కిరీటం తీసి తన నెత్తిన తనే పెట్టుకున్నాడు!

నాకు ముఖ్యంగా అనిపించేది ఇదీ. అలెగ్జాండర్‌లా ఎవరికి వారు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ తెలుగులో మాత్రం పట్టం ఇంకొకళ్లు కట్టాల్సిందే. పెళ్లిలో బాసికమైనా అంతే కదా! అందుకే ఓటుకి ఈ రాజులకాలం మాట విచిత్రంగా అతికింది. కట్టింది మనం, అదీ 5 ఏళ్లకి.

మరి ఇప్పుడు సన్మానసభల్లో నాయకుల నెత్తిన వెండి కిరీటం పెట్టి, చేతికి గద ఇచ్చి ఫొటోలు దిగుతున్నాం. పెట్టించుకున్నాయన అది తన సొంతమనుకుంటే తప్పు ఆయనొక్కడిదేనా? దండ వేయండి, శాలువా కప్పండి, చాలు. కిరీటాల్ని నాటకాల వాళ్లకి వదిలేద్దాం. ఏమంటారు?