కూలంకషంగా

‘కూలంకషంగా చర్చించారు’ అన్న మాట పత్రికల్లో తరచూ కనబడుతుంది. అందులో ఓ నది ఉంది. కూలం అంటే ఒడ్డు, కషం అంటే ఒరుసుకునేది. గట్లను ఒరుసుకుంటూ పారే ఏరు కూలంకష. గోదావరి లంకల్లో వరద చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు: కింద మట్టి కరిగిపోతుంటే పైన కొబ్బరిచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోతుంది.

పాణిని ఒకే సూత్రంలో కూలంకషకూ, సర్వంకషకూ, మబ్బును తాకే అభ్రంకషకూ దారి చూపాడు. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు శకుంతలను నిందిస్తూ పోల్చింది ఇలాంటి నదితోనే. తేట నీటిని కలచి, గట్టున చెట్టును కూల్చే నది. అక్కడది తిట్టు. మన వాడుకలో మెప్పయింది. ఈ మలుపు నాకెంతో ఇష్టం. కోత సంగతి వదిలేసి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా జాగా విడవని నిండుదనాన్ని తెలుగు పట్టుకుంది.

దీని తోబుట్టువు సర్వంకషను మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మాఘుని శిశుపాలవధానికి రాసిన వ్యాఖ్యకు పేరుగా పెట్టాడు. అన్వయం, వ్యాకరణం, కోశం, అలంకారం అన్నీ తడిమే వ్యాఖ్యకు ఎంత తగిన పేరు!

అన్నట్టు, కొందరు ‘కూలంకుషంగా’ అని రాస్తున్నారు. ‘కష’లో కొమ్ము లేదు.