పచ్చ పతకం తెల్లబోయిన రోజు

మా అవ్వ పచ్చ పతకం మా ఊరు మండికల్‌లో నాలుగైదు తరాలు బతికింది. బెంగళూరులో ఒక నగల అంగడిలో అయిదు నిమిషాల్లో పోయింది. దాన్ని అక్కడికి తీసుకుపోయింది నేనే.

పెద్ద నగేమీ కాదు. నడుమ చింతగింజంత పచ్చ, చుట్టూ ఎనిమిది కెంపులు, కింద వేలాడే ఒక్క ముత్యం. కెంపుల వెనక మెరుపు రేకు పెట్టి, దాని మీద బంగారంతో మూసేసిన పాతకాలపు పని. పచ్చను దీపానికి పట్టి చూస్తే లోపల సన్నని చారలు కనిపించేవి, చెరువు అడుగున నాచు కదిలినట్టు. చిన్నప్పుడు నేను, చెల్లెలు దాన్ని చూడ్డానికి పోట్లాడుకునేవాళ్ళం.

ధాత కరువులో కూడా దీన్ని అమ్ముకోలేదని అవ్వ చెప్పేది. 1876లో మొదలై రెండేళ్ళపాటు మైసూరు సీమను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టిన కరువది. ఆ తర్వాత మా బోర్లు ఎండిపోయిన ఏడు చింతామణిలో కుదువకు పోయింది. నాయన చదువు కోసం బాగేపల్లికి పోయింది. పట్టుగూళ్ళ ధర పడిపోయినప్పుడు ఇంకోసారి. పోయిన ప్రతిసారీ అవ్వ అన్నం మానేసేది. తిరిగొచ్చిన రోజు దేవుని గూట్లో పెట్టి, పిల్లలందరినీ పిలిచి మొక్కించేది.

ఉగాదికి ముందు కంసాలి ఆచారి ఇంటికొచ్చి దాన్ని తుడిచేవాడు. కుంకుడు నురుగులో ముంచిన మెత్తటి గుడ్డతో బంగారం వరకే. రాయి దగ్గరికి వచ్చేసరికి పిండిన తడిగుడ్డ, అంతే. పతకాన్ని నీళ్ళలో ముంచడం నేనెప్పుడూ చూడలేదు. "పచ్చకు ముసలోళ్ళకు చేసే మాదిరి చెయ్యల పాపా, వేడి తగలనీకూడదు" అనేవాడు. ఆయన పోయాక ఆ మాట గుర్తున్నది నా ఒక్కదానికే. గుర్తుండీ లాభం లేకపోయింది.

చెల్లెలి పెళ్ళికి పతకం మెరవాలని నా ఆశ. అంగడిలో కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మెషీన్‌లో వేస్తే కొత్తదానిలా వస్తుందక్కా" అన్నాడు. నేను తల ఊపాను. గిన్నెంత స్టీలు తొట్టి, వెచ్చటి సబ్బునీళ్ళు, జల్లిబుట్ట. మీట నొక్కగానే కందిరీగ రొద. పతకం చుట్టూ నల్లటి పొగలా మురికి దిగుతుంటే, ఇన్నేళ్ళ జిడ్డు పోతోందని సంతోషపడుతూ చూశాను. ఆ సంతోషమే నన్నిప్పటికీ నిద్రపోనివ్వదు.

మనిషి చెవికి అందే ధ్వని సెకనుకు 20 వేల కంపనాల దాకానే. ఈ అల్ట్రాసోనిక్ క్లీనర్లు చాలావరకు 40 వేల దగ్గర పనిచేస్తాయి. ఆ అదురుకు నీళ్ళలో కంటికి కనిపించనంత బుడగలు పుట్టి, వెంటనే చితికిపోతాయి. ఆ చితికే దెబ్బే మురికిని ఊడబెరుకుతుంది. రాళ్ళులేని బంగారానికి, లోపల పగుళ్ళులేని వజ్రానికి మంచిదే. పచ్చ సంగతి వేరు. చారలు లేని పచ్చ అరుదు. అందుకే పైదాకా వచ్చిన పగుళ్ళలోకి దేవదారు నూనెలాంటిది ఎక్కించి, అవి కనబడకుండా చేయడం ఎంతోకాలంగా ఉన్న పద్ధతి. మా పచ్చ పచ్చగా కనిపించింది సగం ఆ నూనె పుణ్యమే. వెచ్చటి నీళ్ళు, సబ్బు, బుడగలు కలిసి మురికితో పాటు దాన్నీ లాగేశాయి. మురికేదో ప్రాణమేదో ఆ తొట్టికి తెలియదు. గాజు నింపిన కెంపైనా అందులో వేయకూడదు. ముత్యం, పగడం, ఓపల్ అయితే అసలే వద్దు.

బుట్ట పైకి తీశాడు. పచ్చ మీద మజ్జిగ చిలికినట్టు తెల్లటి గీతలు. నీళ్ళు ఆరేకొద్దీ ఇంకా తెల్లబడ్డాయి. ఒక మూల బియ్యపు నూకంత ముక్క లేదు. బుట్ట అడుగున దొరికింది. కుర్రవాడి ముఖం కూడా పాలిపోయింది. వాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇది ఏ రాయి, ఎప్పటిది, వెనక మూసి ఉందా అని ఆ అంగడిలో ఒక్కరూ అడగలేదు. ఆచారి మాట తెలిసిన నేనూ చెప్పలేదు.

నాలుగు రోజుల్లో కెంపులూ పోయాయి. రాళ్ళకేమీ కాలేదు, వెనకకు చేరిన తడికి రేకు నల్లబడింది. వెలుగును తిప్పికొట్టే రేకు చచ్చిపోతే కెంపు ఎండిన నెత్తురు చుక్కలా ఉంటుంది. ముత్యం సున్నపు ముద్దలా మసకబారింది. తర్వాత రాళ్ళ పని తెలిసిన ఒకాయన పచ్చకు మళ్ళీ నూనె పట్టించాడు. రంగు కొంత తిరిగొచ్చింది. సాగిన పగులు సాగినట్టే ఉంది, పోయిన మూల పోయినట్టే ఉంది.

పెళ్ళిలో చెల్లెలు వేరే గొలుసు వేసుకుంది. అవ్వ రెండు కళ్ళకూ పొర కమ్మి ఉంది కాబట్టి, ఆమెకు తెలియదనుకున్నాం.

ఆ ఉగాదికి పతకం అడిగింది. తెచ్చి చేతిలో పెట్టాను. ఎప్పటిలాగే బొటనవేలితో రాయి చుట్టూ నిమురుతూ పోయింది. విరిగిన మూల దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"పొద్దు గూకింది, దీపం పెట్టు పాపా" అని పతకాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.