సర్గ్ మజిలీలో జరిగిన సంప్రదింపు

  



అంటువ్యాధి ప్రబలినప్పుడు దారులు మూసివేయడం, ప్రయాణికులను ఆపి పరీక్షించడం ఆధునిక ప్రభుత్వాలు కనిపెట్టిన పద్ధతులని మనలో కొందరు భావిస్తారు. ఇటువంటి జాగ్రత్తలు తవక్కుల్‌కు, అంటే అల్లాహ్‌పై ఉంచవలసిన భరోసాకు విరుద్ధమని మరికొందరు అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలకూ సమాధానం సహాబాల కాలపు చరిత్రలోనే ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలమది. ఖలీఫా మదీనా నుండి షామ్ దేశానికి బయలుదేరారు. తబూక్ దాటి సర్గ్ అనే మజిలీ చేరేసరికి హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురు వచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని తెలియజేశారు. బైతుల్ మఖ్దిస్ సమీపంలోని అమ్‌వాస్ పేరిట చరిత్రకెక్కిన వ్యాధి ఇదే. ముందుకు సాగడమా, వెనుదిరగడమా అన్న ప్రశ్న తలెత్తింది.

ఖలీఫా తన ఒక్కరి ఆలోచనతో ఆజ్ఞ జారీ చేయలేదు. తొలి ముహాజిర్లను పిలిపించారు. బయలుదేరిన పని వదలి వెనక్కు వెళ్ళరాదని వారిలో కొందరన్నారు. మిగిలి ఉన్న సహాబాలను తెగులులోకి తీసుకువెళ్ళడం సరికాదని మరికొందరన్నారు. వారిని పంపివేసి అన్సార్లను పిలిపించగా, వారిలోనూ అదే భేదం కనిపించింది. చివరకు మక్కా విజయ కాలంలో వలస వచ్చిన ఖురైష్ పెద్దలను అడిగారు. వెనుదిరగడమే మేలని వారంతా ఏకగ్రీవంగా చెప్పారు. తెల్లవారగానే తిరుగు ప్రయాణమని ప్రకటన వెలువడింది.

అప్పుడు అబూ ఉబైదా (రజి) ఒక ప్రశ్న వేశారు: ఇది అల్లాహ్ విధించిన తఖ్దీర్ నుండి పారిపోవడం కాదా? అంతటి వ్యక్తి నోట ఆ మాట రావడం ఖలీఫాకు కష్టం కలిగించింది. అయినా ఆగ్రహించక, తాము ఒక తఖ్దీర్ నుండి మరొక తఖ్దీర్ వైపే వెళుతున్నామని వివరించారు. ఒక లోయకు ఒక అంచు పచ్చిక బయలు, మరొక అంచు బీడు అయితే, ఒంటెలను ఏ వైపు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే అవుతుందని ఉదాహరణ ఇచ్చారు. మార్గాన్ని ఎంచుకోవడం కూడా విధివ్రాతలో భాగమే గాని, దానికి ఎదురు నిలవడం కాదు.

ఈ చర్చ జరిగినప్పుడు ఏదో పని మీద వెళ్ళి ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తిరిగి వచ్చారు. ఒక ప్రాంతంలో ప్లేగు ఉన్నదని వింటే అక్కడికి వెళ్ళవద్దనీ, తామున్న చోట అది వస్తే పారిపోయే ఉద్దేశంతో బయటకు రావద్దనీ దైవప్రవక్త (స) బోధించగా తాను విన్నానని తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి మదీనాకు మరలారు. ఎందరో పెద్దలు కూడిన సభలో లేని జ్ఞానం, ఆ సభకు రాని ఒక్కరి వద్ద ఉండినది. కనుక తెలిసినవారు వచ్చి చెప్పినప్పుడు వినడం పెద్దరికానికి తక్కువ కాదు.

సోదరులారా! ఈ ఆదేశానికి రెండు భాగాలున్నాయి. వెళ్ళరాదన్న భాగాన్ని ఉమర్ (రజి) పాటించారు. రారాదన్న భాగాన్ని అబూ ఉబైదా (రజి) పాటించారు. ఆయనను కాపాడుకోవాలన్న తపనతో, ఒక పని ఉన్నది రమ్మని ఖలీఫా లేఖ వ్రాశారు. అందులోని ఆంతర్యాన్ని ఆయన గ్రహించి, తన సైనికులను వదలి రాలేనని వినయంగా జవాబిచ్చారు. అది చదివి ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారు. అయితే వారిని వారి మానాన వదలలేదు. తేమ నిండిన పల్లపు నేలను విడిచి మెరక ప్రాంతానికి సేనను తరలించమని మళ్ళీ వ్రాశారు. అబూ ఉబైదా (రజి) ఆ వ్యాధిలోనే మరణించారు. ఆయన తరువాత బాధ్యత వహించిన ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా మరణించారు. పిమ్మట అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండలలో చెదిరి ఉండమని ఆదేశించారు. ఉమర్ (రజి) దానిని ఆక్షేపించలేదు. ఆ విపత్తులో మరణించినవారు 25,000 మంది అని చరిత్రకారులు పేర్కొన్నారు.

దీనికి విరుద్ధమైన అనుభవాన్ని హాఫిజ్ ఇబ్న్ హజర్ అస్ఖలానీ (రహ్మతుల్లాహి అలైహ్) నమోదు చేశారు. ప్లేగు తన కుమార్తెలను బలిగొనగా ఆ దుఃఖం అనుభవించిన పండితుడాయన. హిజ్రీ 833లో కైరోలో వ్యాధి మొదలైనప్పుడు రోజుకు 40 మంది కన్నా తక్కువే మరణించేవారు. ప్రజలు 3 రోజులు ఉపవాసముండి, ఎడారిలో గుమిగూడి దుఆ చేశారు. నెల తిరగకముందే మరణాలు రోజుకు 1,000 దాటాయని ఆయన వ్రాశారు. తెగులు తొలగాలని ఈ విధంగా సమావేశం కావడానికి ధర్మంలో ఆధారం లేదన్నది ఆయన వాదన. దుఆ ప్రతి విశ్వాసికీ ఆయుధమే. గుమిగూడితేనే అది స్వీకారమవుతుందని మనకెవరూ చెప్పలేదు.

2020లో మన మస్జిద్‌లలో జుమా ఆగినప్పుడు మేమూ కలత చెందాము. మిహ్రాబ్ ముందు ఖాళీ సఫ్‌లను చూసి మా మనసు వికలమైంది. ఆ ఏడు హజ్ భాగ్యం సౌదీలోనే ఉన్న కొద్దిమందికి మాత్రమే దక్కింది. 2021లోనూ ఆ దేశంలో ఉన్న 60,000 మందికే అనుమతి లభించింది. ఏళ్ళ తరబడి రూపాయి రూపాయి కూడబెట్టుకున్న మన తెలుగు ప్రాంతపు పెద్దల నిరీక్షణ మరింత పెరిగింది. అప్పుడు మాకు హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) గుర్తుకు వచ్చారు. సర్గ్ వృత్తాంతాన్ని మనకు అందించిన సహాబీ ఆయనే. వర్షం కురిసిన ఒక జుమా నాడు, ఇళ్ళలోనే నమాజ్ చేసుకోమని అజాన్‌లో పలికించిందీ ఆయనే. ప్రజలు ఆశ్చర్యపోగా, తనకన్నా శ్రేష్ఠులైన దైవప్రవక్త (స) ఇలాగే చేశారని బదులిచ్చారు. బురద దారికే ఇంత మినహాయింపు ఉండగా, ప్రాణాలు తీసే వ్యాధికి ఉండదా?

అయితే ఆపేవారిపైనా ఒక బాధ్యత ఉంది. 1865లో హజ్ సమయాన కలరా చెలరేగి, యాత్రికుల ఓడల వెంట దేశదేశాలకు ప్రాకింది. 1866లో ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1882లో ఉస్మానీ ప్రభుత్వం ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ కేంద్రం నెలకొల్పింది. బొంబాయి రేవు నుండి సాగిన భారతీయ హాజీలు అక్కడ రోజుల తరబడి నిలిచిపోవలసి వచ్చేది. ఎండ గురించి, నీటి గురించి, వసూలు చేసే రుసుము గురించి వారు మొరపెట్టుకున్నారు. పరీక్ష అవసరమే, కాని పరీక్ష పేరిట మనిషిని చిన్నబుచ్చడం అవసరం కాదు. సఖీఫ్ ప్రతినిధి బృందంలో కుష్ఠు వ్యాధిగ్రస్తుడు ఒకరున్నప్పుడు దైవప్రవక్త (స) ఆయనను దగ్గరకు రప్పించలేదు. కాని ఆయన బైఅత్ స్వీకరించామనీ, తిరిగి వెళ్ళవచ్చుననీ కబురు పంపారు. శరీరం దూరాన నిలిచింది, మనిషి మాత్రం అంగీకరించబడ్డాడు.

ఆగవలసినవారిపై ఉన్న బాధ్యత అమానత్. జ్వరం మాత్ర వేసుకుని వేడిని దాచి విమానం ఎక్కేవాడు తనిఖీ అధికారిని మాత్రమే మోసగించడం లేదు. ప్రక్క సీటులోని వృద్ధుని ప్రాణాన్ని అతని అనుమతి లేకుండా పణంగా పెడుతున్నాడు. ఉమ్రాకు బయలుదేరేవాడైనా, గల్ఫ్ ఉద్యోగానికి వెళ్ళేవాడైనా, టీకా వేయించుకోకుండానే పత్రం సంపాదిస్తే అది అబద్ధపు సాక్ష్యమే. ఆగిపోయినవాని ఇంటికి అన్నం, మందులు చేర్చడం పొరుగువారి విధి. వ్యాధి సోకినవానిని పాపిగా చూడరాదు. ఏ సమూహంపైనా వ్యాధి నింద మోపరాదు.

అల్లాహ్ మనకు ఉమర్ (రజి) వివేకాన్నీ, అబూ ఉబైదా (రజి) స్థైర్యాన్నీ, ఇబ్న్ ఔఫ్ (రజి) వలె తెలిసిన సత్యాన్ని సకాలంలో చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక! వ్యాధిగ్రస్తులకు స్వస్థతనూ, ఆగిపోయిన యాత్రికులకు తన గృహ దర్శన భాగ్యాన్నీ అనుగ్రహించుగాక! ఆమీన్.