స్టేషను పుస్తకాల్లో, జైలు రిజిస్టర్లలో మన చరిత్ర

మాల మాదిగ వాడల గురించి ఎక్కువగా రాసిపెట్టినవాడు ఎవరని అడిగితే పోలీసోడనే చెప్పాలి. భూమి లేనివాడి పేరు కరణం లెక్కల్లో ఉండదు. బడి రిజిస్టర్లలోకి మనం ఆలస్యంగా ఎక్కాం. పత్రికలవాళ్ళు హత్యాకాండ జరిగిన వారం వస్తారు, తర్వాత రారు. స్టేషను పుస్తకాల్లో, జైలు రిజిస్టర్లలో మాత్రం మన తాతల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊరు, కులం, వయస్సు, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా ఉన్నాయి. ఆ రాతలు మనల్ని అదుపులో పెట్టడానికి రాసినవి. వాటిలో ఉన్నదంతా నిజమని మేము అనటం లేదు. అయితే తేదీ, గంట, సంతకం ఉన్న కాయితాలవి. మన పెద్దవాళ్ళు నోటితో చెప్పినదాన్ని 'ఊరికే చెప్తున్నారు' అని కొట్టిపారేసే చోట ఆ కాయితాలు పనికొస్తాయి. వాటిని ఎట్లా అడగాలో, వచ్చినదాన్ని ఎట్లా చదవాలో కార్యకర్తలకూ, విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ చెప్పడం కోసం ఈ వ్యాసం.

ఇప్పుడే ఎందుకు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కాలవల్లో వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో చుండూరులో పోలీసు కాల్పుల్లో ఇంకొక దళిత యువకుడు చనిపోయాడు. కారంచేడు కేసులో హత్యా నేరానికి కింది కోర్టు వేసిన శిక్షలను హైకోర్టు 1998లో కొట్టేసింది. సుప్రీంకోర్టు 2008 డిసెంబరు 19న ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. చుండూరువాళ్ళు పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊళ్ళోనే పెట్టించుకున్నారు. ఆ కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. బాధితులూ, ప్రభుత్వమూ సుప్రీంకోర్టుకు వెళ్తే ఆ ఏడాది జూలైలో తీర్పుపై స్టే వచ్చింది.

కోర్టు తేల్చేది ఫలానా ముద్దాయి మీద నేరం రుజువయిందా లేదా అన్నదొక్కటే. చరిత్ర అడిగే ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఆ రోజు పికెట్‌లో ఎంతమంది ఉన్నారు? మొదటి కబురు స్టేషనుకు ఎన్ని గంటలకు చేరింది? చేరిన తర్వాత ఎవరు ఎటు వెళ్ళారు? అంతకు ముందు నెలల్లో వాడ మీద ఎన్ని ఎదురు కేసులు పెట్టారు? వీటికి జవాబులు తీర్పులో పూర్తిగా దొరకవు. స్టేషను జనరల్ డైరీలో, డ్యూటీ రిజిస్టర్లో వెతకాలి. ఆ పుస్తకాలకు నిలవ ఉంచే గడువు ఉంటుంది. గడువు తీరితే తగలబెడతారు, లేకపోతే చెదలు తింటాయి. మనం అడగని ప్రతి ఏడాదీ కొంత చరిత్ర అట్లా పోతూ ఉంటుంది.

ఏయే పుస్తకాలు

'మా ఊరి పోలీసు రికార్డంతా ఇవ్వండి' అని రాస్తే ఏమీ రాదు. పుస్తకం పేరు పెట్టి అడగాలి. స్టేషనులో జరిగే ప్రతి పనినీ గంటతో సహా రాసేది జనరల్ డైరీ. ఫిర్యాదు కేసుగా మారితే ఎఫ్‌ఐఆర్. ఊరివారీగా కక్షలు, తగాదాలు రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉంటుంది. మనుషులవారీగా తెరిచేవి హిస్టరీ షీట్లు, అనుమానితుల షీట్లు, రౌడీ షీట్లు. పల్లెల్లో తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట ఈ పుస్తకాల్లోంచి వచ్చిందే. 'నోన్ డెప్రిడేటర్', అంటే తెలిసిన దోపిడీగాడు, అనే పోలీసు ఇంగ్లీషుకు అది పొట్టి రూపం. కూలి రేటు అడిగిన కుర్రాడి మీద, చెరువు నీళ్ళ దగ్గర ఎదురు తిరిగిన కుర్రాడి మీద ఏ తేదీన షీటు తెరిచారో చూస్తే ఊరి ఆధిపత్యం, స్టేషను ఎట్లా చేతులు కలిపాయో తెలుస్తుంది.

జైళ్ళ సంగతికొస్తే 1894 నాటి జైళ్ళ చట్టం 12వ సెక్షను ప్రకారం సూపరింటెండెంటు ఉంచాల్సిన పుస్తకాలున్నాయి: లోపలికి తీసుకున్న ఖైదీల రిజిస్టరు, ఎవరు ఎప్పుడు విడుదల కావాలో రాసే పుస్తకం, జైల్లో వేసిన శిక్షల పుస్తకం, సందర్శకుల పుస్తకం, ఖైదీ దగ్గర తీసుకున్న డబ్బూ వస్తువుల లెక్క. 24వ సెక్షను ఇంకా ముఖ్యమైనది. ఖైదీ లోపలికి రాగానే అతని ఆరోగ్యం, ఒంటిమీది గాయాలు, గుర్తులు పరీక్షించి రాయాలని అది చెప్తుంది. స్టేషనులో కొట్టలేదని పోలీసులు అంటే, ఆ మర్నాడు జైల్లో రాసుకున్న గాయాలు వేరే సంగతి చెప్పవచ్చు.

పాత కాలం సంగతి

ఈ రాతలకు మూలం ఇంకా వెనక ఉంది. 1871లో వచ్చిన నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలని రాసి, వేలిముద్రలు తీసుకుని, రిజిస్టర్లకెక్కించారు. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ కింద, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను కింద సెటిల్మెంట్లు నడిచాయి. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ చూపు మాత్రం అలవాటు నేరస్తుల చట్టాల్లోకీ, జైలు నిబంధనల్లోకీ దూరి బతికింది.

ఆ కాలపు కాగితాలు స్టేషన్లలో దొరకవు. మద్రాసు రాష్ట్రపు జ్యుడీషియల్ శాఖ ఫైళ్ళు, పోలీసు, జైళ్ళ వార్షిక నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. హైదరాబాదు సంస్థానపు కాగితాలకు తార్నాకలోని ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. వాటిలో చాలా భాగం ఉర్దూలో ఉంటుంది కాబట్టి ఉర్దూ చదివే మిత్రుణ్ణి వెంట తీసుకెళ్ళటం మంచిది.

చట్టంలో మనకున్న దారి

స్టేషను, ఎస్పీ ఆఫీసు, జైలు కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టమే ప్రధానమైన దారి. చరిత్ర రాసేవాళ్ళకు అందులో అన్నిటికంటే పనికొచ్చేది 8(3) సెక్షను. దీని గురించి చాలామంది కార్యకర్తలకు తెలియదు. దరఖాస్తు పెట్టిన రోజుకు ఇరవై ఏళ్ళ ముందు జరిగిన సంఘటన అయితే ఆ సమాచారం ఇచ్చి తీరాలని అది చెప్తుంది. దేశ భద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ కాగితాలకు సంబంధించిన మూడు మినహాయింపులు మాత్రమే అప్పుడు మిగులుతాయి. 'దర్యాప్తుకు అడ్డం', 'వ్యక్తిగత సమాచారం' అన్న సాకులు ఇరవై ఏళ్ళు దాటినవాటికి పనిచేయవు. కారంచేడుకు ఆ గడువు చట్టం వచ్చిన 2005లోనే దాటింది. చుండూరుకు 2011లో దాటింది. 2012 జూన్ 12న అయిదుగురు దళితులను చంపిన లక్ష్మింపేటకు 2032 దాకా ఆగాలి.

ఇరవై ఏళ్ళు కానివాటికి పని కష్టమే. 'వ్యక్తిగత సమాచారం' మినహాయింపును 2023 నాటి డేటా రక్షణ చట్టం ఇంకా వెడల్పు చేసింది. దాన్ని ఎదుర్కోవడానికి 8(2) సెక్షను ఉంది. దాచటం వల్ల కలిగే మేలు కంటే ఇవ్వటంలో ప్రజాప్రయోజనం ఎక్కువయితే ఇవ్వవచ్చని అది చెప్తుంది. 10వ సెక్షను ప్రకారం ఇవ్వకూడని భాగాన్ని తీసేసి మిగిలింది ఇవ్వాలి. దర్యాప్తు జరుగుతోందన్న ఒక్క మాట చాలదనీ, ఇస్తే దర్యాప్తు ఎట్లా దెబ్బతింటుందో చూపాలనీ ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు పేరు అప్పీల్లో రాయండి.

కోర్టు కాగితాల దారి వేరు. కోర్టు ఫైల్లోని నకళ్ళు కోర్టు నిబంధనల ప్రకారమే అడగాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అక్కడ కాపీ అప్లికేషన్ పెట్టాలి. ఒకటి గుర్తుంచుకోండి: ఎఫ్‌ఐఆర్ ఒక ప్రతి మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్తుంది. స్టేషనులో 'లేదు' అన్నది కోర్టు రికార్డు గదిలో ఉండవచ్చు.

కొత్తగా జరిగే అత్యాచారాల కేసుల్లో ఫిర్యాదు చేసినవాళ్ళకు ఆ ప్రతిని వెంటనే, ఉచితంగా ఇవ్వాలని 1995 నాటి అత్యాచార నిరోధక నిబంధనల్లో 5వ నిబంధన చెప్తుంది. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవాళ్టి ప్రతిని ఇవాళే తీసి దాచిపెడితే రేపు చరిత్ర రాసేవాళ్ళకు మనం పడ్డ కష్టం ఉండదు.

దరఖాస్తు ఎట్లా రాయాలి

తెలుగులోనే రాయవచ్చు. ఎందుకని కారణం చెప్పక్కర్లేదు, అడిగినా చెప్పనవసరం లేదని 6(2) సెక్షను అంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన ఫీజు నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజే లేదు. తప్పు ఆఫీసుకు వెళ్తే అయిదు రోజుల్లో సరయిన ఆఫీసుకు పంపే బాధ్యత వాళ్ళదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. పాత ఫైళ్ళు ఒంగోలులోనో గుంటూరులోనో ఉండిపోయి ఉండవచ్చు. తెలంగాణలో 2016 తర్వాత ఏర్పడ్డ జిల్లాలదీ ఇదే చిక్కు. అందుకని పాత జిల్లా పేరు, కొత్త జిల్లా పేరు రెండూ రాయాలి.

ఇట్లా అడగవచ్చు:

'ఫలానా స్టేషనులో ఫలానా తేదీకి ముందు రోజు నుంచి తర్వాత రోజు దాకా రాసిన జనరల్ డైరీ పేజీల నకళ్ళు ఇవ్వండి. ఆ ఏడాదిలో ఫలానా గ్రామానికి సంబంధించి నమోదయిన ఎఫ్‌ఐఆర్‌ల జాబితా, నకళ్ళు ఇవ్వండి. ఇవి చట్టం 8(3) కిందికి వస్తాయి. ఈ రికార్డులు నాశనం చేసి ఉంటే, ఏ నిబంధన కింద, ఎవరి ఉత్తర్వుతో, ఏ తేదీన చేశారో ఆ ఉత్తర్వూ, నాశనం చేసినవాటి జాబితా ఇవ్వండి. నకళ్ళు తీయటం కష్టమయితే రికార్డును నేరుగా చూసి రాసుకోనివ్వండి.'

ఆఖరి రెండు వాక్యాలు వదలొద్దు. 'దొరకటం లేదు' అన్న జవాబు తరచూ వస్తుంది. ఆ ఒక్క మాటతో తప్పించుకోవటానికి లేదనీ, గట్టిగా వెతికి, పోతే బాధ్యులెవరో తేల్చాలనీ ఢిల్లీ హైకోర్టు 2013లో విశ్వాస్ భాంబుర్కర్ కేసులో చెప్పింది. జవాబుకు 30 రోజులు. రాకపోతే, తృప్తి లేకపోతే, 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. నాశనం చేశామన్న ఉత్తర్వు చేతికొస్తే దాన్నీ పారేయొద్దు. వాడ చరిత్ర ఏ తేదీన, ఎవరి సంతకంతో బూడిదయిందో చెప్పే కాయితం అది.

ఒంటరిగా వెళ్ళొద్దు. ఊళ్ళో ఉండే కుర్రాడి పేరుతో దరఖాస్తు పెడితే అతని మీదే షీటు తెరిచే ప్రమాదం ఉంది. పట్నంలో ఉండే ఉపాధ్యాయుడో, లాయరో పేరు పెట్టుకోవాలి. పోస్టులో రిజిస్టరు చేసి పంపి రసీదు దాచుకోవాలి.

కులం గడి

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్నిబట్టి పని పంచే నిబంధనలను కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. కోర్టు పరిశీలించిన నిబంధనల్లో ఆంధ్రప్రదేశ్‌వి కూడా ఉన్నాయి. పాకీపని ఎవరికి, వంటపని ఎవరికి అని తేల్చిన గడి పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ తీర్పును సాకుగా చూపించి పాత రిజిస్టర్లను చింపేయటానికి గానీ, కులం మీద సిరాపూయటానికి గానీ ఒప్పుకోకూడదు. ఏ కులంవాడిచేత ఏ పని చేయించారో రుజువు చేసేవి ఆ పాత పేజీలే. ముందు వాటి నకళ్ళు తీయించాలి.

వచ్చినదాన్ని చదవటం

చేతికొచ్చిన కాగితాన్ని ఊరికి తీసుకెళ్ళి చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్‌లో 'ఇరువర్గాల ఘర్షణ' అని ఉంటుంది. ఆ రోజు పొలాల్లో పరుగెత్తిన ముసలమ్మ అది ఘర్షణో, వేటో చెప్తుంది. రెండూ పక్కపక్కన రాయాలి. పేర్లు వెతికేటప్పుడు ఇంటిపేరు కోసం పట్టుబట్టొద్దు. మనవాళ్ళ పేరుకు ముందు కులం రాసి, తండ్రి పేరు, ఊరు రాసి ఊరుకోవటం కద్దు.

ఒక జాగ్రత్త తప్పదు. మానభంగానికి గురయిన ఆడవాళ్ళ పేర్లు, ఆనవాళ్ళు అచ్చువేయటం నేరం. చట్టం లేకపోయినా మనం వేయకూడదు. జైలుకెళ్ళొచ్చిన తాత పేరు రాయాలా వద్దా అన్నది మనవల్ని అడిగి తేల్చుకోవాలి. కాయితం ఆఫీసు నుంచి వచ్చినా, అందులోని బతుకు వాళ్ళది.

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒక్కో కాలేజీ విద్యార్థులు ఒక్కో స్టేషను తీసుకుని, ఒక్కో పదేళ్ళ కాలానికి దరఖాస్తులు పెడితే చాలు. వచ్చిన నకళ్ళు ఒకటి ఊళ్ళో, ఒకటి కాలేజీ లైబ్రరీలో, ఒకటి సంఘం ఆఫీసులో ఉంచాలి. ఆ పక్కనే 'నాశనం చేశాం' అన్న జవాబుల కట్ట కూడా ఉంచాలి.