ఒకే ఇంట రెండు కాపురములు: వెబ్ సర్వరు చరిత్రలో ఒక చిక్కు

ఒక పెద్ద ఇంటి పెరటిలో చిన్న వాటా కట్టి, అందు మరియొక కుటుంబమును కాపురముంచినారనుకొందము. వీధి గుమ్మము ఒక్కటే. అచ్చట నిలిచిన కావలివాడు పెద్ద ఇంటివారి మనిషి. వాటాలోనివారి పేర్లు అతడెరుగడు. పేరు తెలియని ఉత్తరము వచ్చినచో దానిని యజమాని చేతికిచ్చుటయే అతడు నేర్చిన పద్ధతి. యజమాని దానిని చూచి, ఇట్టివారెవరును ఇచ్చట లేరని త్రిప్పి పంపును. ఉత్తరము చేరవలసినవాడు పది అడుగుల దూరముననే ఉండును. కాని ఉత్తరము మాత్రము అతనికందదు.

వెబ్‌సైటులను నడుపు సాఫ్ట్‌వేరునందు సరిగా ఇట్టి చిక్కే కలదు. ఒక సైటు ఉన్న ఫోల్డరులోపల మరియొక సైటును స్థాపించినపుడు, లోపలి సైటు యొక్క మొదటి పుట చక్కగా తెరచుకొనును. తక్కిన పుటలలో దేనిని కోరినను, 404 అను అంకెతో, అట్టి పుట లేదను జవాబు వచ్చును. పుటలు పోలేదు, యంత్రము చెడలేదు. మరి తప్పు ఎచ్చటనున్నది? దీనికి సమాధానము కొంత చరిత్రలో దొరకును.

ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరియొక ఫోల్డరు, ఇట్లు చెట్టుకొమ్మల వలె సాగు అమరిక 1965లో మల్టిక్స్ అను వ్యవస్థ కొరకు ప్రతిపాదింపబడెను. 1969లో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్స్ దానిని లోకమంతటను వ్యాపింపజేసెను. వెబ్ చిరునామాలలోని గీతలు ఈ కొమ్మల అమరికనే అనుసరించినవి.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రమున రాబ్ మెకూల్ ఒక వెబ్ సర్వరును వ్రాసెను. ఒకే యంత్రముపై పలువురు తమ తమ ఫోల్డరులలో పుటలుంచుకొను చోట, ప్రతి చిన్న మార్పునకు యంత్రాధికారిని ఆశ్రయించుట కష్టము. అందువలన ఫోల్డరు యజమాని తన ఫోల్డరులోనే ఒక చిన్న ఆజ్ఞాపత్రమును ఉంచుకొను వీలు కల్పింపబడెను. చుక్కతో మొదలగు ఆ ఫైలు పేరు 'హెచ్‌టీయాక్సెస్'. యాక్సెస్ అనగా ప్రవేశము. ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరిని సంకేతపదము అడుగవలెను అని చెప్పుటయే దాని తొలి పని.

1994లో మెకూల్ ఆ కేంద్రమును వీడెను. సర్వరును వాడుచున్నవారు ఎవరికి వారు దిద్దుబాట్లు చేసికొనుచుండిరి. 1995 ఫిబ్రవరిలో వారిలో ఎనిమిదిమంది ప్రధానముగా కూడి అపాచీ బృందముగా ఏర్పడిరి. వారి సర్వరు అదే సంవత్సరము ఏప్రిల్‌లో వెలువడెను. పాత సర్వరుతోబాటు ఆ ఆజ్ఞాపత్రమును గూడ అపాచీ వారసత్వముగా స్వీకరించెను.

ఈ పత్రము పనిచేయు తీరు గమనింపదగినది. ఒక పుటను కోరగానే సర్వరు పై ఫోల్డరునుండి లోపలి ఫోల్డరు వరకు, ప్రతి మెట్టున ఆజ్ఞాపత్రము కలదేమో అని వెదకును. రెండు పత్రములు విరోధించినచో లోపలిదాని మాట నెగ్గును. లోపలిది మౌనము వహించిన విషయములందు వెలుపలిదాని ఆజ్ఞయే చెల్లును. పై ఫోల్డరున సంకేతపదము పెట్టినచో, లోపలి సైటునకు వచ్చువారిని గూడ అది అడ్డగించును.

1996 ఏప్రిల్‌లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ చిరునామాలను మార్చివ్రాయు ఒక భాగమును రచించి, 1997 జూలైలో అపాచీ బృందమునకు కానుకగా ఇచ్చెను. దీని పేరు మాడ్‌రీరైట్. 2001లో ద్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్ వెలువడిన పిమ్మట ఈ సాధనము ఇంటింటికి చేరెను. వర్డ్‌ప్రెస్ వ్రాయు ఆజ్ఞ సారాంశమిది: అడిగిన ఫైలుగాని ఫోల్డరుగాని నిజముగా ఉన్నచో దానినే ఇమ్ము, లేనిచో నా ముఖ్య ప్రోగ్రామునకు అప్పగింపుము.

ఇప్పుడు మొదటి చిక్కు విడిపోవును. లోపలి సైటు ఫోల్డరు నిజముగా ఉన్నది. కావున దాని మొదటి పుట తెరచుకొనును. తక్కిన పుటలు డేటాబేసులో ఉండునేగాని, ఆ పేర్లతో ఫైలులు ఉండవు. లోపలి ఫోల్డరున మార్చివ్రాత ఆజ్ఞలు లేనిచో వెలుపలి ఆజ్ఞ ఆ కోరికను పట్టుకొని పెద్ద సైటునకు అప్పగించును. కావలివాడు ఉత్తరమును యజమానికిచ్చుట ఇదియే. వెలుపలి పత్రమును లోనికి నకలు చేసినంతమాత్రమున గుణము కలుగదు. అందు మూలస్థానముగా పెద్ద సైటే వ్రాయబడియున్నచో, కోరిక మరల అచ్చటికే పోవును. మూలస్థానమును లోపలి ఫోల్డరు పేరునకు దిద్దవలెను.

దీనికి విరుద్ధమైన అపాయము మరియొకటి కలదు. మార్చివ్రాత ఆజ్ఞలు సామాన్యముగా కలిసిపోవు. లోపలి పత్రములో అట్టివి ఉన్నచో వెలుపలివన్నియు అచ్చట ఒక్కమారుగా రద్దగును. వచ్చినవారినందరిని రహస్య లిపిగల సురక్షిత మార్గమునకు త్రిప్పు ఆజ్ఞ వెలుపలి పత్రమున ఉన్నదనుకొందము. లోపలి సైటునకు అది వర్తింపదు. పుటలన్నియు చక్కగా కనబడుచుండును; సంకేతపదములు మాత్రము దారిలో ఎవరైనను చదువదగిన రూపమున పోవచ్చును. 404 కంటికి కనబడు తప్పు. ఇది కనబడనిది గనుక మరింత హానికరము. ఆ ఆజ్ఞను లోపలి పత్రమునందు గూడ వ్రాయుటయో, సర్వరు ముఖ్య అమరికలో చేర్చుటయో దీనికి విరుగుడు.

ప్రోగ్రాములు గూడ ఈ విషయమున జాగ్రత్త నేర్చినవి. 2008లో వెలువడిన వర్డ్‌ప్రెస్ 2.6, తన అమరిక ఫైలును ఒక మెట్టు పైన ఉంచుకొను వీలు కల్పించెను. అట్లయిన లోపలి సైటు పొరబాటున పై సైటు అమరికనే తనదిగా గ్రహింపవచ్చునుగదా! అందుకే నేటి వర్డ్‌ప్రెస్, పై ఫోల్డరున మరియొక స్థాపన యొక్క గుర్తు కలదేమో చూచి, ఉన్నచో ఆ ఫైలును ముట్టదు. ఒకే డేటాబేసును వాడునపుడు గూడ పట్టికల పేర్లకు వేరువేరు ఉపసర్గలు పెట్టవలెను. లేనిచో రెండవ స్థాపన, ఇదివరకే స్థాపింపబడితినని పలికి ఆగిపోవును.

మెట్టుమెట్టునను వెదకుటకు కాలము పట్టును. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ సర్వరు ఇట్టి పత్రములను అసలే చదువదు. 2012లో వెలువడిన అపాచీ 2.4 గూడ, అధికారి ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప వాటిని లెక్కింపదు.

ఎవరి గదికి వారే నియమము వ్రాసికొను స్వేచ్ఛ 1993లో ఒక అవసరమును తీర్చెను. ఆ స్వేచ్ఛయే గోడకవతలివాని నియమము మన గదిలో చెల్లునా చెల్లదా అను సందేహమునకు గూడ కారణమయ్యెను. కావున ఇంటిలో వాటా కట్టువాడు ముందుగా ఇంటి నియమములను ఆమూలాగ్రము చదువవలెను. వాటిలో ఏవి తన గుమ్మము దాటి వచ్చునో, ఏవి రావో తెలిసికొనిన పిమ్మటనే కాపురము పెట్టవలెను.